పడవ తాతకి పేరు పెట్టలేదు

(అమలాపురంలో ఒక గ్రంథాలయం మేడ మీద, కాలేజీ పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి. ఇంత ఎండలో వచ్చారు, చాలా సంతోషం.

కిందటివారం ఒక అమ్మగారు నన్ను రోడ్డు మీద ఆపి అడిగారు. "మావాడు ఆదివారం ఆదివారం మీ ఇంటికొచ్చి దొంగ వేషం వేస్తున్నాడంట. ఎవర్నో చంపేశాడంట కూడా. ఇదేం ఆట బాబూ?" ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. నడిరోడ్డు మీద రెండు ముక్కల్లో చెప్పే జవాబు నా దగ్గర లేకపోయింది. ఈరోజు చెబుతాను. ఆవిడా ఇక్కడే ఉన్నారు, వాళ్ళబ్బాయీ ఇక్కడే ఉన్నాడు. వాడు సరేనన్నాకే ఈ సంగతులు చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పను.

ముందు ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. బల్ల చుట్టూ నలుగురో అయిదుగురో కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక పాత్ర. కత్తివీరుడు, మంత్రగత్తె, దొంగ, వైద్యురాలు, ఇలా. ఆ పాత్రకి బలమెంత, తెలివెంత, చురుకెంత అన్నది అంకెల్లో ఒక కాయితం మీద రాసుకుంటారు. దాన్ని క్యారెక్టర్ షీట్ అంటాం. వీళ్ళు కాక ఇంకొకరు గేమ్ మాస్టర్. మా బల్ల దగ్గర అది నేను. పాత్రలు తిరిగే లోకాన్ని మాటలతో చూపించడం నా పని. "మీరు రేవుకి వచ్చేసరికి చీకటి పడింది. అవతలి ఒడ్డున ఒక్క దీపం కనిపిస్తోంది. ఏం చేస్తారు?" అంటాను. వాళ్ళు ఏదైనా చెయ్యొచ్చు. ఈదుకుంటూ పోవచ్చు, పడవ కోసం కేకెయ్యొచ్చు, అక్కడే పడుకోవచ్చు. అనుకున్నది అవుతుందో లేదో అనుమానంగా ఉంటే ఇరవై ముఖాల పాచిక వేస్తారు.

ఆ "ఏదైనా" అన్న మాటలోనే ఉందండి ఈ ఆట ప్రాణమంతా. చదరంగంలో గుర్రం "నాకీ యుద్ధం వద్దు, ఇంటికి పోతాను" అనలేదు. ఇక్కడ అనొచ్చు.

మనవాళ్ళకి పాచికా కొత్త కాదు, పాచికతో నీతి చెప్పడమూ కొత్త కాదు. మా అమ్మమ్మ దగ్గర వైకుంఠపాళి పటం ఉండేది. మడతలు పడి, మడతల దగ్గర చిరిగి, వెనకాల గుడ్డ అంటించి ఉండేది. పుణ్యం చేస్తే నిచ్చెన, పాపం చేస్తే పాము. వైకుంఠం గుమ్మందాకా పోయాక పెద్దపాము మింగితే మళ్ళీ అడుగునుంచి మొదలు. చిన్నప్పుడు ఆ పాము నోట్లో పడి ఏడ్చాను కూడా. కానీ ఒక్కటి చూడండి. ఆ పటంలో మంచీ చెడూ ముందే అచ్చేసి ఉంటాయి. నిచ్చెన ఎక్కింది నా మంచితనం వల్ల కాదు, పాము మింగింది నా తప్పు వల్ల కాదు. పాచిక ఎంత పడితే అంత. విధి గురించి చెప్పడానికి అంత గొప్ప బొమ్మ ఇంకోటి లేదు. అందులో లేనిదల్లా ఎంచుకోవడం.

మేం ఆడే ఆట పుట్టింది ఎంచుకోవడంలోంచి. 1974లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరు. బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడుకునే గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట తెచ్చారు. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు. అంతకుముందు ఆటల్లో మీరు ఒక సైన్యాన్ని నడిపేవారు. ఇందులో మీరు ఒక్క మనిషి. ఒక్క మనిషి అయ్యేసరికి "నువ్వెలాంటివాడివి?" అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది.

వాళ్ళు దానికో చిట్కా కనిపెట్టారు. అలైన్‌మెంట్ అని. మొదట మూడే: క్రమం పక్షం, అరాచకం పక్షం, మధ్యస్థం. 1978 నాటి ఆటగాళ్ళ పుస్తకం వచ్చేసరికి మంచి, చెడు కూడా వచ్చి చేరి తొమ్మిది గళ్ళయ్యాయి. చట్టానికి కట్టుబడిన మంచివాడు ఒక మూల, కట్టూబాటూ లేని దుర్మార్గుడు ఇంకో మూల. ఆట మొదలెట్టేటప్పుడే మీరొక గడి ఎంచుకుని షీట్ మీద రాసుకోవాలి. పాలడిన్ అని ధర్మవీరుడి లాంటి పాత్ర ఒకటుంది. అతను ఆ మంచివాడి గడిలోనే ఉండాలి. తెలిసి ఒక్క దుర్మార్గం చేశాడా, శక్తులన్నీ పోతాయి. ఆ రోజుల్లో మామూలు పాత్రలు గడి మారినా ఒక లెవెల్, అంటే ఆటలో ఎక్కి వచ్చిన ఒక మెట్టు, కోల్పోయేవి.

ఇది వైకుంఠపాళేనండి. పామూ నిచ్చెనా పటం మీంచి లేచి షీట్ మీదకి వచ్చాయి. ఇంకా కష్టం ఏంటంటే, ఇక్కడ పాము ఎప్పుడు మింగాలో చెప్పేది పాచిక కాదు, గేమ్ మాస్టర్. ఆయనకి ఏది పాపం అనిపిస్తే అది పాపం. ఆకలికి రొట్టె దొంగిలించిన పిల్లాణ్ణి పాలడిన్ రాజభటులకి అప్పగించాలా, వదిలెయ్యాలా? ఒకటి చట్టం తప్పినట్టు, ఇంకోటి దయ తప్పినట్టు. ఏది చేసినా శక్తులు పోతాయన్న టెన్షన్‌తో ఆడేవాడు ఆలోచించేది పిల్లాడి గురించి కాదు, గేమ్ మాస్టర్ మొహం గురించి. 2014లో అయిదో ఎడిషన్ వచ్చేనాటికి ఆ నిబంధన పోయింది. పాలడిన్ ఇప్పుడు ఒక గడికి కాదు, తాను చేసిన ప్రమాణానికి కట్టుబడతాడు. నా దృష్టిలో అది చాలా మంచి మార్పు. ప్రమాణం మనం చేసుకునేది, గడి ఎవరో గీసింది.

ఆ గళ్ళలో ఇంకో దోషం ఉంది, అది నన్ను ఎక్కువ బాధపెట్టేది. గళ్ళు మనుషులకే కాదు, జాతులకి కూడా ఇచ్చారు. ఆ ఆటలో ఓర్క్ అనే కల్పిత జాతి ఉంది. 1977 నాటి రాక్షసుల పుస్తకంలో వాళ్ళ పేరు పక్కన "చెడు" అని రాసేసి ఉంటుంది. అంటే ఓర్క్ కడుపున పుట్టిన పసిబిడ్డ ఇంకా కళ్ళు తెరవకముందే చెడ్డది. మొదట్లో నేనూ ఆలోచించకుండానే ఆడించాను. ఒకరోజు పిల్లలు ఓర్కుల గుహ గెలిచి లోపలికి పోయారు. లోపల పసివాళ్ళున్నారని నేనే చెప్పాను. ఒకమ్మాయి అడిగింది: "వీళ్ళనేం చెయ్యాలన్నయ్యా? పుస్తకంలో చెడ్డవాళ్ళనే ఉంది కదా?" నా దగ్గర జవాబు లేదు. పుట్టుకని బట్టి మనిషిని లెక్కగట్టడం మన ఊళ్ళలో ఎంత పాతదో, ఎవరికి ఎంత నొప్పో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆడుకోవడానికి కట్టుకున్న లోకంలో కూడా దాన్నే ఎందుకు తెచ్చి పెట్టుకోవాలి? 2020లో ఆ ఆట వేసే కంపెనీయే ఇకమీదట ఓర్కుల లాంటి జాతుల్ని పుట్టుకతో చెడ్డవాళ్ళుగా చూపించబోమని బహిరంగంగా చెప్పింది. మా బల్ల దగ్గర అంతకుముందే, ఆ పసివాళ్ళ రోజునే, ఆ మాట కొట్టేశాం.

వేరేవాళ్ళు వేరే దారులు వెతికారు. 1991లో వచ్చిన రక్తపిశాచుల ఆట ఒకటుంది, అందులో మనిషితనానికి పది నుంచి సున్నా దాకా మార్కులు. నాకు బాగా నచ్చింది 1985లో గ్రెగ్ స్టాఫోర్డ్ చేసిన పెండ్రాగన్, ఆర్థర్ రాజు కాలం వీరుల ఆట. అందులో గుణాలు జంటలుగా ఉంటాయి. దయ, క్రూరత్వం ఒక జంట. నిజాయితీ, మోసం ఒక జంట. రెండూ కలిపితే ఇరవై. దయ పదమూడైతే క్రూరత్వం ఏడు. దయ చూపిస్తూ పోతే దయ పెరుగుతుంది, క్రూరత్వం తగ్గుతుంది. బాగా పెరిగిపోయిన గుణం ఒక్కోసారి మీ మాట వినదు. వద్దనుకున్నా దయ చూపించేస్తారు, లేదా వద్దనుకున్నా కత్తి దూసేస్తారు. మనకి తెలిసిన మనుషులు ఇలాగే ఉండరూ? మా పెదనాన్న ఎవరు అప్పడిగినా లేదనలేకపోయేవాడు. అది మంచితనమని అందరూ అనేవాళ్ళు, మా పెద్దమ్మ తప్ప.

సరే, పడవ తాత దగ్గరికొస్తాను.

మొదట్లో నేను మంచుకొండలూ రాతికోటలూ పెట్టి ఆడించేవాణ్ణి. మంచు ఎలా ఉంటుందో నాకే తెలియదు, పిల్లలకి ఎలా తెలుస్తుంది? తర్వాత లోకాన్ని మన సీమకి తెచ్చేశాను. నది, ఏడు పాయలు, మధ్యలో లంకలు, కొబ్బరితోటలు, ఏటిగట్లు. రాజులూ మంత్రగాళ్ళూ కల్పితమే, నీళ్ళు మాత్రం మనవి.

ఒక ఆదివారం ఆట రేవులో మొదలైంది. ఒక ముసలి పడవాయన వీళ్ళని పాయ దాటించాడు. దిగాక డబ్బులడిగాడు. దొంగ వేషం వేసే అబ్బాయి "పొడిచేస్తాను" అన్నాడు. ఎందుకన్నాను. "ఊరికే. ఏదైనా చెయ్యొచ్చన్నావు కదన్నయ్యా?" అన్నాడు. పాచిక వేశాడు. పద్దెనిమిది పడింది. తాత చచ్చిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. అప్పుడు నేను చేసింది తప్పు, అందుకే చెబుతున్నాను. "ఆకాశం చీలింది, దేవుడు ఆగ్రహించాడు, నీ మీద పిడుగు పడింది. నీ పాత్ర పోయింది" అన్నాను. పాచిక వెయ్యనివ్వలేదు. వాడు ఏమీ అనలేదు. పెన్సిల్ బల్ల మీద పెట్టి, షీట్‌ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని లేచాడు. తర్వాత మూడు ఆదివారాలు రాలేదు.

ఆ మూడు వారాలూ నాకు అదే ఆలోచన. నేను వాడికి నేర్పిందేంటి? చెడ్డపని చేస్తే పైనున్నవాడికి కోపం వస్తుంది, పైనున్నవాణ్ణి నేనే. అంతే కదా? తాత గురించి ఒక్క ముక్క కూడా నేర్పలేదు. నా నోట్‌బుక్ తీసి చూసుకున్నాను. అందులో "పడవాయన, ముసలి" అని రాసి ఉంది. పేరు లేదు. నేను పేరు పెట్టని మనిషిని వాడు మనిషనుకోలేదు. అందులో నా వంతు లేదని ఎలా అనను?

ఆటగాళ్ళని గేమ్ మాస్టర్ తనకి కావలసిన వైపే తోలుకుపోతే మా భాషలో రైల్‌రోడింగ్ అంటాం. రైలు పట్టాల మీద పోయినట్టు. పిడుగు వెయ్యడం కూడా అదే పని. మంచి వైపు పట్టాలు వేసినా అవి పట్టాలే. పట్టాల మీద నడిచినవాడు మంచివాడని ఎలా చెప్తాం? వాడికి ఇంకో దారి లేదు.

అలాగని ఏం చేసినా చెల్లిపోయే లోకంలోనూ స్వేచ్ఛ ఉండదు. ఇది నేను ఇంకా ఆలస్యంగా తెలుసుకున్నాను. తాతని చంపినా మర్నాడు ఇంకో తాత పడవ వేసుకొస్తే, చంపడానికీ చంపకపోవడానికీ తేడా లేదు. తేడా లేనప్పుడు వాడు ఎంచుకున్నదేంటి? నీళ్ళలో రాయి వేస్తే అల లేవాలి. లేవకపోతే వేసినట్టే కాదు.

వాడి ఇంటికి వెళ్ళి సారీ చెప్పాను. "పిడుగు పడలేదనుకుందాం. తాత మాత్రం చచ్చిపోయాడు" అన్నాను. వాడు వచ్చాడు.

తర్వాతి ఆట మళ్ళీ ఆ రేవులోనే. రేవులో జనం నిలబడి ఉన్నారు. పడవ కట్టేసి ఉంది, దాటించేవాళ్ళు లేరు. పడవ చుట్టూ గుర్రపుడెక్క పేరుకుంది. కాసేపటికి ఒక పిల్ల వచ్చింది, పన్నెండేళ్ళుంటాయి. గెడ పట్టుకుంది. గెడ ఆ పిల్లకి రెండింతలుంది. రెండుసార్లు జారింది. మూడోసారి గుచ్చి పడవని కదిలించింది. నేనింతే చెప్పాను. ఎవరి కూతురో చెప్పలేదు, ఎవరి మనవరాలో చెప్పలేదు. బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపటికి వాడే అడిగాడు: "ఆ పిల్ల పేరేంటన్నయ్యా?"

చెప్పాను. ఈసారి పేరు రాసుకుని ఉంచాను. వాడు ఆ పేరు షీట్ మీద ఒక మూల రాసుకున్నాడు. తర్వాత తన సంచిలో ఉన్న వెండి నాణేలన్నీ తీసి ఆ పిల్లకి ఇస్తానన్నాడు. పిల్ల నాణేలు తీసుకుంది. లెక్కపెట్టుకుంది. మిగిలిన నలుగుర్నీ ఎక్కించుకుంది. వాణ్ణి ఎక్కించుకోలేదు.

"డబ్బులిచ్చాను కదా!" అన్నాడు. ఆటలో పిల్ల ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. వాడు ఆ రోజంతా గట్టు మీద నడుచుకుంటూ చుట్టు తిరిగి వెళ్ళాడు. పిడుగుకి లేచి వెళ్ళిపోయినవాడు దీనికి లేచి వెళ్ళలేదు.

పిల్లలు ఒక మాట ఎక్కువగా వాడుతుంటారు: "నేను కాదన్నయ్యా, నా పాత్ర అలాంటిది." సగం నిజం. దుర్యోధనుడి వేషం కట్టినవాడు తెర దించాక భీముడి వేషగాడితో కలిసి టీ తాగుతాడు, తాగాలి కూడా. వేషం వేసినంత మాత్రాన ఎవరూ చెడిపోరు. 1980ల్లో అమెరికాలో కొందరు ఈ ఆట ఆడితే పిల్లలు దెయ్యాల్ని పూజిస్తారని పెద్ద గొడవ చేశారు. అలాంటిదేం జరగలేదు. కానీ మిగతా సగం ఏంటంటే, దుర్యోధనుడి పద్యాలు ఎవరో రాసిచ్చారు. ఇక్కడ పద్యం రాసేదీ వీడే, పాడేదీ వీడే. పక్కన కూర్చున్న స్నేహితుడి సంచిలోంచి ప్రతివారం దొంగిలిస్తూ "నా పాత్ర అంతే" అంటే, ఆ స్నేహితుడి ఆదివారం పాడుచేస్తున్నది పాత్ర కాదు.

లోకంలో ఏదైనా చెయ్యొచ్చు, బల్ల దగ్గర మాత్రం ఏదైనా చెయ్యకూడదు. దానికి జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన ఎక్స్ కార్డ్ అని ఒక పద్ధతి చెప్పాడు. కొట్టివేత గుర్తు గీసిన కాయితం ముక్క బల్ల మధ్యలో పెడతాం. ఎవరికైనా ఆట నడుస్తున్న తీరు భరించలేనట్టుంటే దాన్ని ముట్టుకుంటే చాలు. కారణం చెప్పక్కర్లేదు, ఆ ముక్క వదిలేసి ముందుకు పోతాం. ఏడాది పాటు ఎవరూ ముట్టుకోలేదు. ఇదెందుకులే అనుకున్నాను కూడా.

ఈ మధ్య ఆటలో వరద పెట్టాను. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర గోదావరి 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ఇక్కడ పిల్లలకి కూడా నోటికొచ్చు. మా లోకంలో అడుగులు లేవు, డప్పులున్నాయి. మూడో డప్పు మోగింది. పట్నం వైపు గట్టు ఊటలు పెడుతోంది. అవతలి ఒడ్డు గట్టుకి గండి కొడితే పట్నం బతుకుతుంది, నాలుగు పల్లెలు మునుగుతాయి. రాజు ఆ పని వీళ్ళకి అప్పజెప్పాడు. నేను రెండు దారులే రాసుకున్నాను: కొట్టడం, కొట్టకపోవడం.

రెండు గంటలు వాదించుకున్నారండి. ఒకడు లెక్కలేశాడు, పట్నంలో ఎంతమంది, పల్లెల్లో ఎంతమంది అని. ఇంకొకడు, గట్టు మీద పార వేసే చెయ్యి మనది కాబట్టి ఆ చావులు మనవేనన్నాడు. ఒకమ్మాయి వాళ్ళ తాతగారు చెప్పిన 1986 వరద సంగతులు చెప్పింది. నీళ్ళు మొదట వచ్చేది ముందునుంచి కాదు, వెనకనున్న మురుగు కాలవలోంచి అని. అందరూ ఆ అమ్మాయి వైపు వంగి విన్నారు. మంచుకొండల్లో ఆడించినన్నాళ్ళూ ఇలాంటి వాదన నేను వినలేదు. ఏది పోతుందో తెలిసినవాళ్ళే ఇలా వాదించుకోగలరు.

వరద వర్ణిస్తూ కొట్టుకుపోతున్న ఒక మనిషి దగ్గరికి వచ్చాను. చెయ్యి పైకి లేచింది అని చెబుతున్నాను. ఎప్పుడూ గలగలా మాట్లాడే ఒకమ్మాయి కార్డు మీద వేలు పెట్టింది. ఆపేశాను. మంచినీళ్ళు తాగాం. ఎందుకని నేనడగలేదు, ఎవరూ అడగలేదు. తర్వాత నీళ్ళు వదిలేసి గట్టు మీదనుంచి మొదలెట్టాం.

అప్పుడు తాతగారి వరద చెప్పిన అమ్మాయి, నేను రాసుకోని మూడో దారి చెప్పింది. "ముందు పల్లెలవాళ్ళని దాటిద్దాం. తర్వాత గండి కొడదాం. పడవలెన్ని ఉన్నాయన్నయ్యా?"

నోట్‌బుక్ చూశాను. "మూడు."

"మూడు చాలవు. ఆ రేవులో ఇంకోటి ఉండాలిగా?"

అందరూ దొంగ వేషగాడి వైపు చూశారు. నాలుగో పడవ ఆ పిల్లది. వాడే లేచాడు. నిజంగానే కుర్చీలోంచి లేచాడండి, ఆటలో లేవక్కర్లేదు. "నేను వెళ్ళి అడుగుతాను" అన్నాడు. వర్షంలో రేవుకి వెళ్ళాడు. ఏం చెప్పాలో తెలియక, "తప్పు చేశాను" అని మాత్రం అన్నాడు. మాట ఒప్పించడానికి పాచిక వెయ్యొచ్చు, అది నిబంధనల్లో ఉంది. వాడు వెయ్యనన్నాడు.

ఆ పిల్ల గొంతుతో నేను ఏమనాలి? క్షమించాననాలా? నాకు రాలేదు. కాసేపు ఆలోచించి, "పడవ తెస్తాను. నువ్వు ఎక్కకూడదు" అన్నాను.

"సరే" అన్నాడు.

నాలుగు పడవలూ బయల్దేరాయి. పల్లెలు ఖాళీ అవుతున్నాయి. గండి కొట్టడానికి ఎవరో ఒకరు అవతలి గట్టు మీద చివరిదాకా ఉండాలి. వాడు పార తీసుకుని నిలబడ్డాడు. చీకటి పడింది, టైము ఆరున్నర దాటింది, ఆటని అక్కడే ఆపాం. గట్టు మీద వాడున్నాడు. ఆఖరి ట్రిప్పుకి తిరిగొస్తున్నది ఆ పిల్ల పడవే. పిల్ల ఏం చేస్తుందో నేనింకా రాసుకోలేదు, రాసుకోను కూడా.

అమ్మా, వచ్చే ఆదివారం మూడింటికి మొదలెడతాం. మీవాడికి కాస్త ముందుగా భోజనం పెట్టి పంపండి. వీలైతే మీరూ రండి, బల్ల పక్కన కుర్చీ వేయిస్తాను.